ప్రైమరీ పిల్లలకు చైనా జానపద నృత్యం: పది నిమిషాల్లో ఐదు జాతులా, ఒక్కటి సరిపోతుందా?

సుజౌ_టీచరమ్మ
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఇప్పుడు చైనాలోని సుజౌలో ఒక అంతర్జాతీయ పాఠశాలలో మూడో తరగతి చెబుతున్నాను. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నానని ఎవరి చెవినో పడినట్టుంది, వసంతోత్సవం (చైనా కొత్త సంవత్సరం) కార్యక్రమానికి మూడు, నాలుగు తరగతుల నృత్యం నా మెడకు చుట్టారు. నలభై మంది పిల్లలు, పది నిమిషాలు. చైనా పిల్లలు సగం, మిగతావాళ్లు కొరియా, జర్మనీ, మన దేశం.

పైవాళ్ల కోరిక ఏంటంటే ఐదు జాతుల నృత్యాలు కనపడాలట: హాన్ వాళ్ల యాంగ్‌గ, మంగోల్, టిబెటన్, ఉయ్గుర్, దాయ్ వాళ్ల నెమలి నృత్యం. ఒక్కోదానికి రెండు నిమిషాలు. నాకు తోడు సంగీతం టీచరు ఉంది, ఈశాన్య చైనా ఆవిడ. మొహం చూస్తే ఆవిడకీ ఈ లెక్క నచ్చినట్టు లేదు, కానీ నోరు విప్పదు.

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు వీటిలో ఏది నిజంగా ఒంటబడుతుంది? మగపిల్లల్ని ఏం చెయ్యాలి? రిహార్సల్ అనగానే మంచినీళ్లకని వెళ్లి మళ్లీ కనపడరు. మీ పిల్లలెవరైనా చైనా నృత్యం నేర్చుకుంటుంటే చెప్పండి.

సింగపూర్_నాన్న
టీచర్ గారూ, మా పాప ఇక్కడ నాలుగో తరగతి. ఇక్కడి బడుల్లో పాఠాలయ్యాక పిల్లలు ఏదో ఒక బృందంలో చేరతారు. నృత్యంలో చైనా, మలయ్, భారతీయ అని విడివిడిగా ఉంటాయి. మేం భారతీయ నృత్యం అనుకుంటే, స్నేహితురాలు అక్కడుందని తను చైనా బృందంలో చేరింది. సరేలే అన్నాం.

సింగపూర్ యూత్ ఫెస్టివల్ ప్రదర్శన రెండేళ్లకోసారి వస్తుంది. దానికి బృందం ఎంచుకునేది ఒకే ఒక్క నృత్యం, దానికే నెలలు పడుతుంది. మా వాళ్లు మంగోల్ నృత్యం చేశారు. మొదట్లో చాలా రోజులు భుజాలే. ఒక భుజం ముందుకు, ఇంకోటి వెనక్కి, మెడ కదలకూడదు, మోచెయ్యి ఊగకూడదు. భుజాలు ఎత్తి దించడం వేరు, సన్నగా వణికించడం వేరు. అన్నం ముందు కూర్చుని కూడా అదే పని. అవి కుదిరాక గానీ కాళ్ల జోలికి వెళ్లలేదు.

మీ రెండు నిమిషాల లెక్కలో ఆ భుజాలు నేర్పే టైం ఎక్కడుంది? చివరికి మిగిలేది బట్టలే. నలభై మందికి ఐదు జతలు మార్చాలంటే నృత్యం కన్నా తెర వెనక సేఫ్టీ పిన్నుల కార్యక్రమమే ఎక్కువసేపు సాగుతుంది.

ఓరుగల్లు_కోలాటం
టీచరమ్మా, నేను పీఈటీగ చేసి రిటైరైన. పోరగాళ్లతోని కోలాటం ఏపిస్త. చైనాది నాకు తెల్వది. గీ యాంగ్‌గ అంటే ఏంది? గుండ్రంగ తిరుగుడు ఉంటదా? తాళం ఎంత? నలభై మందిని చూసి భయపడకు. మందిలేందే కోలాటం లేదు.

సుజౌ_టీచరమ్మ
మాస్టారూ, రెండు దెబ్బల తాళం. పెద్ద డోలు, తాళాలు, సొనా ఉంటాయి. సొనా అంటే మన సన్నాయి జాతిదే, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. ఉత్తర చైనా పల్లెల్లో కొత్త సంవత్సరం నుంచి మొదటి నెల పౌర్ణమి దాకా, అంటే లాంతర్ల పండుగ దాకా, దళం కట్టి ఊరంతా తిరుగుతారు. నాట్లు వేసేటప్పుడు పాడే పాటల్లోంచి పుట్టిందని ఒక వాదన.

అడుగు ఇదీ: ఎడమ పాదం కుడి ముందుకు, కుడి పాదం ఎడమ ముందుకు, ఎడమది ఎడమ వెనక్కి, కుడిది కుడి వెనక్కి. నాలుగు దెబ్బలకు నాలుగు మూలలూ తొక్కినట్టు. చేతిలో ఎనిమిది మూలల రుమాలో విసనకర్రో ఉంటుంది. ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు. షాన్‌దోంగ్‌లోని జ్యావ్‌జౌ వాళ్ల నడుము తిప్పుడు వేరు. మా సంగీతం టీచరు వాళ్ల ఈశాన్యంలో పాదం చటుక్కున బయటికి పోయి వెనక్కి వస్తుంది, మోకాలు ఎక్కడా బిగుసుకోదు. ఆవిడ చేస్తుంటే తేలిగ్గా కనపడుతుంది. నేను చేస్తే అరమండి అడ్డొస్తోంది.

మీకు నచ్చేది ఇంకోటుంది: వరసల నడకలు. రెండు వరసలు చెరోవైపు చీలిపోతే అది "నీళ్లలోంచి రెండు డ్రాగన్లు". సుడిగా లోపలికి చుట్టుకుని మళ్లీ విప్పుకుంటే "క్యాబేజీ చుట్టడం". ఒకరినొకరు దాటుకుంటూ అల్లుకుంటే "వెల్లుల్లి జడ". ఉత్తర షాన్‌షీలో, అంటే యెనాన్ వైపు, దళానికి గొడుగు పట్టిన నాయకుడుంటాడు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ల మీద అప్పటికప్పుడు పదం కట్టి పాడతాడు. చివరి పంక్తిని దళమంతా అందుకుంటుంది.

ఓరుగల్లు_కోలాటం
గిది మన జడ కోలాటమే కదనమ్మా! మనోళ్లు పైనుంచి తాళ్లు ఏలాడదీసి అల్లుతరు, వాళ్లు మనుషులనే అల్లుతున్నరు. ముంగట ఒకాయన పాడుడు, ఎనుక వంత. ఇగ ఐదు జాతులు ఎందుకు? పది నిమిషాలు గిదే ఏపియ్యి.

కూచిపూడి_కళ్యాణి
మాస్టారి మాటకు అడ్డొస్తున్నాననుకోకండి. నెమలి నృత్యాన్ని అంత తేలిగ్గా వదలకండి టీచర్ గారూ. యునాన్‌లోని దాయ్ వాళ్ల నిలబడే తీరులో ఒళ్లు మూడు చోట్ల వంగుతుంది, మన త్రిభంగి గుర్తొస్తుంది. నెమలి తలకు పట్టే చెయ్యి చూడండి: బొటనవేలు, చూపుడువేలు కలిపి మిగతా మూడూ విసనకర్రలా విప్పుతారు. మనకది హంసాస్యం (మన మయూర హస్తం ఉంగరపు వేలితో కదా). ఉయ్గుర్ నృత్యంలో మెడను అటూ ఇటూ జరపడం అచ్చం మన సుందరీ గ్రీవాభేదం. మీ దగ్గరున్న మన పిల్లలకు ఇవి చటుక్కున వస్తాయి, తోటి పిల్లల ముందు కాస్త గర్వంగానూ ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెబుతా. చేతి దగ్గర పోలిక కుదిరింది కదా అని మోకాలి దగ్గర కుదరదు. మన పిల్లలు కూర్చున్న భంగిమలో గట్టిగా నిలబడిపోతారు. దాయ్‌లో మోకాలు తాళంతోపాటు దిగుతూ లేస్తూ ఉండాలి, ఆ ఊపిరే నృత్యం. టిబెటన్‌లో మోకాలి కదలిక ఇంకో రకం. ఇవన్నీ కలిపి రెండేసి నిమిషాల్లో అంటే, నిజమే, కష్టం.

ఇంకో మాట. రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. బీజింగ్‌లో జాంగ్ జున్ అనే నర్తకి 1950ల నుంచి మన నృత్యాల వెంటపడి భరతనాట్యం నేర్చుకుని అక్కడ నేర్పారు. కూచిపూడి కూడా నేర్చుకున్నారని వార్తల్లో చదివాను. ఆవిడ బాటలోనే 2024 ఆగస్టులో పదమూడేళ్ల చైనా అమ్మాయి బీజింగ్‌లో అరంగేట్రం చేసింది.

బే_ఏరియా_అమ్మ
మా అమ్మాయి ఇక్కడ చైనా నృత్య అకాడమీకి వెళ్తుంది, బీజింగ్ నుంచి వచ్చిన గ్రేడ్ పరీక్షలు రాస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఒళ్లు సాగకుండా, కాళ్లు చీలకుండా, వెనక్కి బ్రిడ్జి వంగకుండా చేసేది నృత్యం కాదు, డ్రిల్లు. మీరు జడలల్లించి వరసల్లో నడిపిస్తే వీడియో బాగుంటుంది, అంతే. మా అకాడమీలో ఆరేళ్లకే బ్రిడ్జి మొదలుపెడతారు. పునాది ముందు, పండుగ తర్వాత.

డాలియన్_డాక్టరు
ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి. బ్రిడ్జి మాట చూసి ఆగాను.

నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో పునరావాస వైద్యంలో ఉన్నాను. నృత్య తరగతిలో వెనక్కి వంగుతూ కాళ్లు పడిపోయిన పిల్లల గురించి చైనా వైద్య పత్రికల్లో వరసగా వ్యాసాలొచ్చాయి. పిల్లల్లో వెన్నుపాము గాయాలకు ఇదో ముఖ్య కారణమైందని బీజింగ్ పునరావాస వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఎక్కువమంది పదేళ్లలోపు ఆడపిల్లలే.

చిన్నపిల్లల వెన్నెముక బాగా సాగుతుంది, లోపలి వెన్నుపాము అంత సాగదు. అందుకే ఎముక విరక్కుండానే వెన్నుపాము దెబ్బతింటుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. మొదట నడుము నొప్పి, కాళ్లు తిమ్మిరి. తర్వాత నిమిషాల్లోనో గంటల్లోనో పాప నిలబడలేదు. ఆ మొదటి నొప్పి దగ్గర "ఏం కాదు, నాలుగడుగులు నడువు" అంటారు చూశారా, అదే కొంప ముంచుతుంది. పాపను కదల్చకుండా వెల్లకిలా పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాలి. నడిపించొద్దు, నడుం పట్టొద్దు.

పండుగ నృత్యం కోసం ప్రైమరీ పిల్లల్ని వెనక్కి వంచాల్సిన అవసరం ఎవరికీ లేదు. యాంగ్‌గలోగానీ టిబెటన్ వలయ నృత్యంలోగానీ బ్రిడ్జి ఎక్కడుందో చెప్పండి.

బే_ఏరియా_అమ్మ
డాక్టరు గారూ, మా దగ్గర వార్మప్ బాగా చేయిస్తారు. టీచరు నడుము పట్టుకునే వంచుతుంది.

డాలియన్_డాక్టరు
పట్టుకుని వంచారు గదా అని ప్రమాదం తప్పిపోదమ్మా. మీ పాప డాక్టరును ఒకసారి అడగండి. నా మాటే వినాలని లేదు.

పాత_పుస్తకాల_పురుగు
పునాది సంగతి ఎత్తారు కాబట్టి ఆ పునాది ఎప్పుడు వేశారో చెబుతా. బే ఏరియా అమ్మగారు అంటున్న కాళ్లు చీలడం, బ్రిడ్జి పల్లెల్లోంచి వచ్చినవి కావు. అవి శిక్షణాలయాల్లోంచి వచ్చాయి. 1954లో బీజింగ్ నృత్య పాఠశాల (ఇప్పటి అకాడమీ) పెట్టినప్పుడు దాని మొదటి ప్రిన్సిపాల్ దాయ్ ఐలియన్. పుట్టింది ట్రినిడాడ్‌లో, నేర్చుకున్నది లండన్‌లో, చైనా వచ్చాక మారుమూల ప్రాంతాల నృత్యాలు సేకరించి 1946లో చోంగ్‌చింగ్‌లో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు "చైనా జానపద నృత్యం" పేరుతో తరగతి గదుల్లో నేర్పేదాంట్లో చాలా భాగం ఆ తరం వాళ్లు, వాళ్ల శిష్యులు సేకరించి, సరిదిద్ది, వేదికకు ఎక్కించినదే.

యాంగ్‌గకైతే అంతకుముందే ఒక మరమ్మతు జరిగింది. 1943లో యెనాన్‌లో కమ్యూనిస్టులు దాన్ని అందుకుని, పాత దళాల్లోని సరసాలు, వెక్కిరింతలు తీసేసి రైతును, కూలీని, సిపాయిని ముందు నిలబెట్టారు. 1949లో వాళ్ల సైన్యంతోపాటు నగరాల్లోకి అడుగుపెట్టింది ఆ యాంగ్‌గే. పల్లెల్లో పాత సరసం మాత్రం పోలేదు. ఈశాన్యపు యాంగ్‌గలో ఆ ఒయ్యారం ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్లు చేస్తే ముచ్చటే. ఎనిమిదేళ్ల పిల్లకు పెదాలకు రంగేసి ఆ కనుబొమ్మలెగరేయడం నేర్పిస్తే చూడలేం. మన స్కూల్ యానివర్సరీల్లో ఐటం పాటలకు పిల్లల్ని ఎగరేయిస్తారే, ఆ బాపతే. చైనాలోనూ "పిల్లల నృత్యాన్ని పెద్దలదిగా మార్చేస్తున్నారు" అన్న విమర్శ ఎప్పట్నుంచో ఉంది.

టీచరమ్మా, మీ మగపిల్లల ప్రశ్నకు జవాబు నెమలి దగ్గరే ఉంది. పాతకాలం దాయ్ పల్లెల్లో నెమలిగా ఆడింది మగవాళ్లే. తలకు శిఖరంలా కిరీటం, ఒంటికి కట్టుకునే చట్రానికి రెక్కలు, తోక, పక్కన ఏనుగు పాదం ఆకారంలో డోలు. 1957లో మాస్కో యువజనోత్సవంలో బహుమతి కొట్టిన బృంద నృత్యం, 1986లో యాంగ్ లీపింగ్ చేసిన ఏకపాత్ర నృత్యం వచ్చాక అందరికీ నెమలంటే తెల్ల గౌను అమ్మాయే గుర్తొస్తోంది. అదీ గొప్పదే, కాదనను. కానీ మీరు రెండు నిమిషాల్లో చేయించబోయేది దానికి నకలు.

ఐదు జాతులన్న ఆలోచన మీద నాకు అసలే చిరాకు. యాభై ఆరు జాతుల దేశంలో ఐదుగురికి టోపీలు మార్చి నవ్విస్తే ఎవరి గురించీ ఏమీ తెలియదు. మంగోలుల అందాయ్ నృత్యం తీసుకోండి, జబ్బున పడ్డ ఆడవాళ్లను బాగుచేయడానికి పూజారి చుట్టూ చేరి రుమాళ్లు ఊపుతూ కాళ్లు తాటించిన చికిత్స అది. ఉయ్గుర్ల మెష్‌రెప్ ఊరి జనం చేరి పాడి, ఆడి, తగువులు తీర్చుకునే సభ. అత్యవసరంగా కాపాడాల్సిన వారసత్వాల్లో యునెస్కో 2010లో చేర్చింది. వేదిక మీదికొచ్చేసరికి మెడ జరపడం ఒక్కటే మిగిలింది.

నిర్వాహకుడు
పై వ్యాఖ్య కింద సరిహద్దు గొడవల మీద వచ్చిన జవాబులు తీసేశాను. ఇది పిల్లల నృత్యం గురించిన చర్చ. ఆ చర్చకు వేరే విభాగం ఉంది.

చీరాల_చింటూ
అన్నయ్యా, పూజారి చుట్టూ రుమాళ్లు ఊపడం మాత్రం మా ఊరి సంబరానికి రావలసిన ఐటమే 😄

సుజౌ_టీచరమ్మ
చాలా థాంక్సండి అందరికీ. నిన్న సంగీతం టీచరుతో కూర్చున్నాను. మాస్టారి జడ కోలాటం వీడియో చూపిస్తే నోరు విప్పింది, గంటసేపు ఆపలేదు! ఆవిడ గోడు వేరే ఉంది. 2022లో వచ్చిన కొత్త కళా పాఠ్యప్రణాళికలో సంగీతం, చిత్రకళ, నృత్యం, నాటకం, ఫిల్మ్-డిజిటల్ కళలు అని ఐదున్నాయి. మూడో తరగతి నుంచి ఏడు దాకా సంగీతం, చిత్రకళ ప్రధానం, మిగతా మూడూ వాటిలో కలిపి చెప్పాలి. కాగితం మీద బాగుంది. చాలా బడుల్లో నృత్యం టీచరు ఉండదు కాబట్టి బరువు సంగీతం వాళ్ల మీద పడింది. "మాకు పియానో నేర్పారు, మోకాలు ఎలా వంచాలో నేర్పలేదు" అంటుంది.

ఆవిడకు నచ్చిన దారి ఒకటుంది. బీజింగ్ నృత్య అకాడమీకి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన లూ యీషెంగ్, మామూలు బడి పిల్లల కోసం వేరే పద్ధతి కట్టారు. నర్తకుల్ని తయారుచేయడం దాని ఉద్దేశం కాదు. ముందు భంగిమ చూపించి అనుకరించమనకుండా, పిల్లలే కదలికను వెతుక్కునేలా పని ఇస్తారు. సరే, అదే పట్టుకున్నాం.

మొదటి క్లాసులో ఎవరికీ అడుగు చెప్పలేదు. డోలు చప్పుడు పెట్టి "మంచు మీద జారకుండా నడవండి, తాళం తప్పొద్దు" అన్నాం. మోకాళ్లు వాటంతటవే వంగాయి. అప్పుడు నాలుగు మూలల అడుగు చెబితే, రుమాలు చేతికొచ్చేసరికి సగం మందికి పట్టుబడింది. మిగతా సగానికి పాదాలు కుదిరితే చెయ్యి కుదరదు. చేతికీ కాలికీ పెళ్లి తర్వాత చేద్దామని వదిలేశాం.

మగపిల్లలకు నడుము డోళ్లు. షాన్‌షీలోని ఆన్‌సాయ్‌లో వందల మంది నడుముకు డోలు కట్టి దుమ్ము లేచేలా ఎగురుతారు కదా, ఆ వీడియో చూపించాం. ఇప్పుడు మంచినీళ్లకు ఎవరూ వెళ్లడం లేదు. అమ్మాయిలు ముగ్గురు "మాకెందుకు లేదు" అని దెబ్బలాడి డోళ్లు తీసుకున్నారు, కొరియా అబ్బాయి ఒకడు రుమాలే కావాలన్నాడు. ఎవరికి కావలసింది వాళ్లకిచ్చాం.

చేతులు పట్టుకోమంటే ఈ వయసు పిల్లలు చస్తే పట్టుకోరు. 2007లో ఇక్కడి విద్యాశాఖ బడుల్లో బృంద నృత్యాలు పెట్టినప్పుడు తల్లిదండ్రులు ప్రేమ వ్యవహారాలు మొదలవుతాయని గోల చేశారట, ముఖ్యంగా హైస్కూల్ వాల్ట్జ్ మీద. మాకు ప్రేమ భయం లేదుగానీ "దానికి జలుబు", "వాడి చెయ్యి జిగటగా ఉంది" ఉన్నాయి. రుమాలు చెరో మూల పట్టుకోమన్నాం. సమస్య తీరింది.

పైవాళ్లతో బేరం ఇలా కుదిరింది: దాదాపు ఏడు నిమిషాలు యాంగ్‌గ, చివర టిబెటన్ గ్వోజ్వాంగ్. అది వలయంగా తిరిగేది, మెల్లగా మొదలై జోరందుకుంటుంది, వస్తువులేమీ అక్కర్లేదు, తల్లిదండ్రుల్నీ లోపలికి లాగేయొచ్చు. మిగతా మూడూ వద్దని ఒప్పుకున్నారు, ప్రోగ్రాం కాగితం మీద మాత్రం "బహుజాతి నృత్యం" అనే వేస్తారట. వేసుకోనీండి.

గొడుగు పట్టేది ఒక తెలుగు పిల్ల, గుంటూరు వాళ్లు. చైనీస్‌లో ప్రిన్సిపాల్ మీద రెండు పంక్తులు కట్టింది, బడిలో మధ్యాహ్నం పెట్టే కూర మీద రెండు. కూర మీదవి కొంచెం ఘాటుగా ఉన్నాయి, ఉంచాలా తీసేయాలా అని చర్చ నడుస్తోంది.

కూచిపూడి_కళ్యాణి
ఉంచండి! విదూషకుడు లేని భాగవతం ఎక్కడైనా ఉందా?

బే_ఏరియా_అమ్మ
నేను ఇప్పటికీ పునాది కావాలనే అంటాను, పరీక్షలకు వెళ్లే పిల్లలకైతే. మీ నలభై మందికి అది వర్తించదులెండి. బ్రిడ్జి సంగతి అకాడమీలో అడిగాను, "పదేళ్లు వచ్చేదాకా మీ పాపకు ఆపేస్తాం" అన్నారు. మిగతా పిల్లల సంగతేంటంటే నవ్వి ఊరుకున్నారు.

ఓరుగల్లు_కోలాటం
టీచరమ్మా, సుడి చుట్టుడుకాడ జాగ్రత్త. ముంగటోడు మంచోడే దొరుకుతడు, తోక పట్టుకున్నోడే ఆగం చేస్తడు. విప్పేటప్పుడు తోకనే తల అయితది గద. గందుకే రెండు కొసలకూ గట్టి పోరగాళ్లను పెట్టు. లోపలికి చుట్టేటప్పుడు ఇద్దరు పట్టేంత సందు ఇడవాలె, లేకుంటే నడుమ ఇరుక్కుంటరు, అడుగు చిన్నదైతది, తాళం పోతది. ముగ్గుపిండితోని దారి గీసి రెండు రోజులు ఉత్తగ నడిపియ్యి, పాట లేకుండ. తర్వాత డోలు పెట్టు. పాట మాత్రం ఆఖరికే.

జడకాడ లెక్క ఏస్కో: ఎదురొచ్చినోని కుడిపక్క కెంచి ఒకసారి, ఎడమపక్క కెంచి ఒకసారి. పోరలు నోటితోని "కుడి, ఎడమ" అనుకుంట పోవాలె.

సుజౌ_టీచరమ్మ
మాస్టారూ, తోక సంగతి అచ్చం మీరన్నట్టే అయింది, జర్మనీ కవలల్ని చెరో కొసకు మార్చాం. ముగ్గుపిండి ఇక్కడ ఎక్కడ దొరుకుతుందండీ, జిమ్‌లో రంగు టేపు అంటించాం.

ఒక చిన్న ప్రశ్న ఉండిపోయింది. టావోబావ్‌లో (ఇక్కడి ఆన్‌లైన్ అంగడి) రుమాళ్లు రకరకాలున్నాయి. పూసలు కుట్టిన బరువువి వేలి మీద బాగా తిరుగుతాయి, మెత్తనివి తిరగవు. పిల్లలకు ఏవి?

సింగపూర్_నాన్న
వేలి మీద తిప్పే విద్య ఈ కాస్త టైంలో రాదు టీచర్ గారూ, అది అర్-రెన్-జ్వాన్ (ఇద్దరు కలిసి ఆడిపాడే ప్రదర్శన) ఆడే ఈశాన్యపు కళాకారుల స్థాయి. మణికట్టు చుట్టూ లోపలికి, బయటికి తిప్పడం చాలు. పిల్లల సైజు, మెత్తనివే కొనండి, పూసలు తక్కువున్నవి. పూసల అంచు పక్కవాళ్ల కంటికి తగులుతుంది, మా పాప బృందంలో వాటిని మార్పించారు. నలభైకి నలభై కాకుండా ఓ పది ఎక్కువ తెప్పించండి.